పాత ఫ్రెంచి మాంసం మొద్దు వంటింట్లోకి తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: మేం లియాన్‌లో క్రువా-రూస్ గుట్ట మీద, పాతకాలపు కట్టడంలో మూడో అంతస్తులో ఉంటాం. ఊరి బయట పాత సామాన్లు అమ్మే చోట, ఒకప్పుడు మాంసం దుకాణంలో వాడిన చెక్క దిమ్మ చూశాను. పైభాగం 70 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 మందం. కింద నాలుగు కాళ్ల స్టాండు, ఒక సొరుగు, వెనక కత్తులు దోపుకునే పట్టీ ఉన్నాయి. ఒక పక్క రెండు సెంటీమీటర్ల దాకా గుంట పడింది. రెండు పగుళ్లున్నాయి, ఒక కాలికి సన్నటి బెజ్జాలున్నాయి. మైనం పూసి నల్లగా మెరిపించారు. అమ్మే ఆయన దాన్ని ఇన్నాళ్లూ నేలమాళిగలో ఉంచాడట. మావారు “ఎన్నేళ్ల రక్తం ఇంకి ఉందో, ప్లాస్టిక్ పలకే నయం” అంటున్నారు. దాని మీద నిజంగా కూరగాయలు, మాంసం కోసుకోవచ్చా? పగుళ్లు పూడ్చాలా? మా వంటింట్లో ఖాళీ ఉన్నది రేడియేటర్ పక్కనే. - ఒక పాఠకురాలు, లియాన్

జవాబు: కోసుకోవచ్చు. రేడియేటర్ పక్కన మాత్రం పెట్టకండి. ఇలాంటి దిమ్మల్ని పాడుచేసేది పాత రక్తం కాదు, తేమలో వచ్చే తేడా. నేలమాళిగలోంచి తెచ్చి నేరుగా వెచ్చటి గదిలో పెడితే మొదటి చలికాలంలోనే బీటలు వారతాయి. దాన్ని ఎలా కట్టారో తెలిస్తే మిగతా జాగ్రత్తలకు కారణం తేలిగ్గా బోధపడుతుంది, అందుకే అక్కణ్ణుంచి మొదలుపెడదాం.

మన మటన్ కొట్లలో చింత మొద్దు చూసే ఉంటారు. చెట్టు బోదెను అడ్డంగా కోసి తీసిన ఒకే ముక్క అది. ఫ్రెంచి కసాయిలు బియో అనే ఈ దిమ్మదీ అదే కిటుకు: కర్ర నార నిలువుగా నిలబడి, దాని తలలు పైకి ఉంటాయి. కత్తి దిగినప్పుడు నార తెగదు. పక్కకు ఒత్తిగిల్లి కత్తి తీయగానే చాలావరకు మూసుకుంటుంది, కత్తి పదునూ తొందరగా పోదు. ఒకే ముక్క కాబట్టి చింత మొద్దు ఎండేకొద్దీ నడిమి నుంచి అంచు దాకా చీలుతుంది. బియోలో ఒక్కోటీ కొన్ని సెంటీమీటర్ల చదరం ఉన్న కర్రముక్కల్ని పక్కపక్కనే నిలబెట్టి, జిగురు పెట్టి, అడ్డంగా పొడవాటి ఇనుప బోల్టులు దూర్చి బిగిస్తారు. చాలావాటికి చుట్టూ మందపాటి చెక్క పట్టీ కూడా ఉంటుంది. దానివల్ల చీలిక ఒకేచోట పెద్దగా రాకుండా అనేక సందుల్లోకి పంచుకుపోతుంది.

పైదిమ్మకు ఫ్రాన్సులో ఎక్కువగా వాడిన కర్ర షార్మ్, అంటే హార్న్‌బీమ్. తర్వాతది బీచ్ అనే చెట్టు కర్ర. రెండూ లేత రంగు కర్రలే, ఓక్‌లో కనిపించే పెద్ద రంధ్రాలు వీటిలో ఉండవు. మీరు చూసినది నల్లగా ఉందంటే ఆ నలుపు కర్రది కాకపోవచ్చు. కొంత పాత కొవ్వు, కొంత అమ్మేవాళ్లు పూసే రంగు మైనం అయ్యుంటుంది.

డబ్బు ఇచ్చే ముందు పైదిమ్మను స్టాండు మీంచి ఎత్తించండి. చాలావాటికి అది ఊరికే కూర్చుని ఉంటుంది, లేదా కిందనుంచి రెండు మూడు స్క్రూలే ఉంటాయి. ఎత్తడానికి అమ్మే ఆయన విసుక్కుంటే అక్కడే కాస్త అనుమానించాలి. అడుగు భాగంలో చూడాల్సినవి తడి మచ్చలు, పురుగు తొలిచిన జాడలు, మెత్తబడిన చోట్లు. సూదిగా ఉన్న ఆరెతో అక్కడక్కడా పొడవండి. గట్టి కర్రలో మొన ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి దిగదు. సెంటీమీటరు దిగిందంటే లోపల పుచ్చింది. పక్కల్లో బోల్టుల నట్లు ఉన్నాయో లేదో, ఉంటే పానా పట్టేంత మిగిలాయో తుప్పుకు అరిగిపోయాయో చూడండి. కొన్నిట్లో నట్ల మీద చెక్క బిరడాలు కొట్టి ఉంటాయి.

గుంట కూడా చాలా చెబుతుంది. కసాయి నిలబడే వైపు అంచు దగ్గర ఎక్కువ అరిగి, లోపలికి పోయేకొద్దీ తగ్గితే అది నిజమైన అరుగుదల. కత్తిగాట్లు కూడా ఒక దిక్కున కాస్త గుంపుగా ఉంటాయి. నట్టనడుమ గిన్నెలాగా గుండ్రంగా, అన్ని వైపులా సమానంగా ఉందంటే గ్రైండర్‌తో తవ్విన కొత్త సరుకు కావచ్చు. ముందువైపు ఇత్తడి ఎద్దు తల ఉన్నంతమాత్రాన పాతదని నమ్మకండి. ఆ తలలు విడిగా దొరుకుతాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది వాసన. ఒక ఫ్లాస్కులో మరిగే నీళ్లు తీసుకెళ్లండి. మైనం కాస్త గీకి, అరచేయంత చోట రెండు చెంచాలు పోసి, అర నిమిషం ఆగి ముక్కు దగ్గరగా పెట్టి చూడండి. పాత నూనె కంపు వస్తే కంగారు పడక్కర్లేదు, అది వదులుతుంది. కలరా ఉండల వాసన, డీజిల్ వాసన, పురుగుమందు ఘాటు వస్తే మాత్రం ఆ దిమ్మ మీద తిండి పెట్టకూడదు. ఒకప్పుడు కర్రకు పురుగు పట్టకుండా లిండేన్, పెంటాక్లోరోఫెనాల్ కలిసిన మందులు పట్టించేవాళ్లు. నిలువు నార కర్ర అలాంటి ద్రవాన్ని లోతుగా పీల్చుకుంటుంది. పైన మూడు మిల్లీమీటర్లు గీకినా అది పోదు. అలాంటిదాన్ని పూలకుండీ పెట్టుకోవడానికి కొనుక్కోవాలి తప్ప వంటకు కాదు.

ఇక మీవారి మాట. ప్లాస్టిక్ శుభ్రమని చాలామంది అనుకుంటారు కానీ లెక్క అంత సూటిగా లేదు. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డీన్ క్లివర్ బృందం చెక్క, ప్లాస్టిక్ పలకల మీద సూక్ష్మజీవుల్ని వేసి చూసి, ఆ ఫలితాల్ని 1994లో ప్రచురించింది. చెక్క మీద వేసినవి కర్రలోకి ఇంకిపోయాయి, పైన తిరిగి దొరికినవి బాగా తగ్గాయి. కొత్త ప్లాస్టిక్‌ను కడగడం తేలికే. కత్తిగాట్లు పడిన ప్లాస్టిక్‌లో మాత్రం అవి గాట్లలో దాక్కుని మిగిలాయి. కాబట్టి చెక్క అన్నంతమాత్రాన మురికి కాదు.

మీవారి అనుమానంలో నిజం ఇంకోచోట ఉంది: ఈ దిమ్మను సింకులో పెట్టి కడగలేరు. అందుకే పని పంచుకోండి. పచ్చి కోడిమాంసానికీ చేపకూ డిష్‌వాషర్‌లో పట్టే చిన్న పలక ఒకటి విడిగా ఉంచి, అవసరమైతే దాన్నే దిమ్మ మీద పెట్టుకుని కోయండి. కూరగాయలు, ఆకుకూరలు, పిండి పిసకడం, వేటమాంసం దిమ్మ మీద బాగానే సాగుతాయి. మాంసం కోసిన రోజు పచ్చిగా తినే కీరా, ఉల్లి అదే చోట తరగకండి. దిమ్మకు ఒక మూలను మాంసానికి వదిలేసి, మిగతా చోటు కూరగాయలకు వాడుకోవడం ఇంకా సులువు.

ఇప్పుడు తేమ సంగతి. నేలమాళిగలో గాలి తేమ 75-80 శాతం ఉంటే అక్కడి కర్రలో దాదాపు 15 శాతం నీరుంటుంది. చలికాలంలో హీటర్లు తిరిగే ఇంట్లో గాలి తేమ 35-40 శాతానికి పడిపోతుంది. ఆ గాలిలో కర్ర ఏడెనిమిది శాతానికి ఎండేదాకా ఆగదు. నిలువు నార దిమ్మ పొడవులోనూ వెడల్పులోనూ ముడుచుకుంటుంది, ఎత్తులో మాత్రం దాదాపు కదలదు. పైగా షార్మ్ బాగా ముడుచుకునే జాతి. 70 సెంటీమీటర్ల దిమ్మ ఈ తేడాకు సెంటీమీటరు నుంచి సెంటీమీటరున్నర దాకా తగ్గిపోగలదు. నెమ్మదిగా తగ్గితే ఆ తగ్గుదల సందులన్నిటికీ పంచబడుతుంది. నార తలల్లోంచి నీరు పక్కలకంటే చాలా వేగంగా ఆవిరవుతుంది కాబట్టి, వేడి తగిలితే పైపొర ఎండి బిగుసుకుంటుంది, లోపల ఇంకా ఉబ్బే ఉంటుంది. పైపొర ఆగలేక చీలుతుంది. రేడియేటర్ పక్కన జరిగేది ఇదే. దానికి ఒక మీటరైనా దూరం ఉంచండి. నేల కిందనుంచి వేడి వచ్చే ఇళ్లలో అయితే దిమ్మకు కింద గాలి ఆడేలా కాళ్లు ఎత్తుగా ఉండటం అవసరం.

తేవడానికి మంచి కాలం ఏప్రిల్ నుంచి జూన్ దాకా. కిటికీలు తెరిచి ఉంటాయి, హీటర్లు ఆగిపోతాయి, కర్ర తీరిగ్గా ఎండుతుంది. శీతాకాలంలోనే తేవాల్సివస్తే హీటర్ లేని గదిలో ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంచండి. పైనా కిందా రెండు ముఖాలకూ పాత నూలు దుప్పటి కప్పండి. ప్లాస్టిక్ కవరు చుట్టకండి, లోపల బూజు పడుతుంది. సామాన్ల దుకాణాల్లో రెండు సూదులతో కర్ర తేమ చూపించే చిన్న మీటరు దొరుకుతుంది. 10 శాతం చుట్టుపక్కలకు వచ్చాక వంటింట్లోకి మార్చండి. ఒకే చోట గుచ్చి నమ్మకుండా, పైన, కింద, పక్కన నట్ల దగ్గర విడివిడిగా చూడండి.

పగుళ్లు పూడ్చాలా అన్నారు. ఇప్పుడే కాదు. మీ ఇంట్లో ఒక పూర్తి చలికాలం గడిచేదాకా ఆ పగులు అసలు వెడల్పు తెలియదు. చలికాలంలో ఎపాక్సీ అనే రాయిలా గట్టిపడే జిగురు పోసి పూడ్చారనుకోండి, గాలిలో తేమ పెరిగినప్పుడు కర్ర ఉబ్బుతుంది. గట్టి ఎపాక్సీ నలగదు కాబట్టి పక్కన ఇంకోచోట కొత్త పగులు తెరుచుకుంటుంది. ఇది తరచుగా జరిగే తప్పు. రెండు మిల్లీమీటర్ల లోపు పగుళ్లను వదిలేయండి. పాత మురికిని పలచటి బ్లేడుతో గీకి, నూనె పట్టిస్తే చాలు. మూడు మిల్లీమీటర్లు దాటి ఉంటే తాత్కాలికంగా కరిగించిన తేనెమైనం పోయండి. 65 డిగ్రీల దగ్గరే అది కరుగుతుంది కాబట్టి వేడి గిన్నె మాత్రం దాని మీద పెట్టకూడదు. కర్ర కదిలితే మైనం కూడా కదులుతుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు గీకి తీసేయవచ్చు. ఏడాది తర్వాత కూడా వెడల్పుగానే ఉంటే అదే జాతి కర్రతో పగులులో పట్టే సన్నటి చెక్క ముక్క చేయించి, నార నిలువుగా ఉండేలా, ఒక పక్కకే జిగురు రాసి దించాలి. రెండు పక్కలా అతికిస్తే మళ్లీ ఎపాక్సీ కథే. జిగురు నీటికి తట్టుకునే డీ3 లేదా డీ4 రకం ఉండాలి.

నట్లున్నాయి కదా అని పానా పెట్టి బలంగా తిప్పేయాలనిపిస్తుంది. ఆగండి. గాలి తేమకు దిమ్మ ఉబ్బినప్పుడు బిగిస్తే, లేదా ఎండినప్పుడు మరీ గట్టిగా బిగిస్తే, తర్వాత కర్ర ఉబ్బడానికి చోటుండదు. వాషర్ల దగ్గర నార నలిగి చచ్చిపోతుంది. మళ్లీ ఎండినప్పుడు ఆ నలిగిన మేర సందు ఇంకా పెద్దదవుతుంది. అప్పుడు మళ్లీ బిగిస్తారు, అది మళ్లీ నలుగుతుంది. కొన్ని దిమ్మలు ఇలా బిగింపుతోనే వదులైపోయాయి. ఫిబ్రవరిలో, ఇల్లు బాగా ఎండి ఉన్నప్పుడు, ఒక్కో నట్టును పావు చుట్టు చొప్పున, వదులు పోయేదాకా మాత్రమే తిప్పండి. మామూలు వాషరు తీసి గిన్నె ఆకారపు స్ప్రింగు వాషరు పెట్టించుకుంటే కర్రతోపాటు అది సాగుతుంది, ముడుస్తుంది. తుప్పు పట్టిన నట్టుకు తుప్పు వదిలించే నూనె వేయాలంటే సూదితో ఒక చుక్క, నట్టు మీదే. డబ్బాతో చిమ్మితే కర్ర దాన్ని లోపలికి తాగుతుంది.

గుంట గురించి రెండు మాటలు కాదు, కాస్త ఎక్కువే చెప్పాలి. చాలామంది దాన్ని చూడగానే సమం చేయించేస్తారు. అప్పటికి పాతదనం పోతుంది, అమ్మితే వచ్చే విలువా పోతుంది. రెండు సెంటీమీటర్ల గుంటలో కూర తరగడం మాత్రం నిజంగానే కష్టం. కత్తి అంచు మొత్తం ఆనదు, కొత్తిమీర కాడ సగం తెగి సగం వేలాడుతుంది, తడి ఆ పల్లంలోనే నిలుస్తుంది. అందుకే ముందు దిమ్మను తిరగేసి చూడండి. అడుగు ముఖం చాలాసార్లు బల్లపరుపుగానే ఉంటుంది. దాన్నే పైకి తెచ్చుకుంటే పైముఖం అలాగే కింద భద్రంగా ఉంటుంది, ఎప్పుడైనా తిరిగి తిప్పుకోవచ్చు. అరిగిన అంచు అప్పుడు స్టాండు మీద ఆనక దిమ్మ ఊగుతుంది. ఆ సందు కొలిచి, ఏటవాలుగా కోసిన ఓక్ చెక్కను అక్కడ సర్దాలి. స్టాండు నాలుగు వైపులా దిమ్మ బరువును మోస్తోందో లేదో చూసుకోవాలి, మూలల మీదే ఆనితే కాలక్రమంలో స్టాండు చట్రం వంగుతుంది.

అడుగు ముఖం కూడా బాగాలేకపోతే అప్పుడు చిత్రిక పట్టించక తప్పదు. మిషను రందాలో ఈ దిమ్మను పెట్టనివ్వకండి. నిలువు నారను ఆ బ్లేడ్లు కోయవు, పీకుతాయి, ముక్క ఎగిరి మనిషికి తగిలే ప్రమాదం ఉంది. పట్టాల మీద నడిచే చట్రంలో రూటర్ అనే, చెక్కను చెక్కే కరెంటు పనిముట్టు బిగించి, వెడల్పాటి బ్లేడుతో ఒక్కో విడతకు ఒక మిల్లీమీటరు, మహా అయితే ఒకటిన్నర తీయాలి. రూటర్ బయటికొచ్చే అంచు దగ్గర పెళ్లలు లేస్తాయి. అక్కడ ముందే పనికిరాని చెక్క ఒకటి క్లాంపుతో బిగించి, అంచుల్ని కాస్త ఏటవాలుగా చెక్కి ఉంచాలి. గుంట పూర్తిగా పోయేదాకా తీయాల్సిన పని లేదు. రెండు సెంటీమీటర్లను అర సెంటీమీటరుకు తెస్తే తరగడానికి సరిపోతుంది. తర్వాత ఉప్పుకాగితం 60, 80, 120 నంబర్లతో వరుసగా రుద్దండి. నిలువు నారలో ఒక నంబరు దాటేస్తే ఆ గీతలు నూనె పెట్టాక కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

గుంట చిన్నదై, పైపొర శుభ్రం చేసుకుంటే చాలనుకుంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. వడ్రంగులు వాడే ఉక్కు గీకుడు రేకుతో ముందు మైనం, నల్లటి జిడ్డు గీకేయండి. వేడిగాలి ఊదే హీట్‌గన్ తక్కువ వేడిలో పెట్టి జిడ్డు మెత్తబడ్డాక గీకితే తేలిగ్గా వస్తుంది. కర్ర రంగు బయటపడ్డాక తేర్ ద సొమ్మియేర్ పొడి వాడండి. జిడ్డు పీల్చే బంకమన్ను అది, ఫ్రాన్సులో సామాన్ల దుకాణాల్లో సులువుగా దొరుకుతుంది. పైముఖం మొత్తానికీ సగం సెంటీమీటరు మందాన పరిచి రెండు రోజులు వదిలేయండి. పసుపుపచ్చగా ముద్దకట్టిన పొడిని బ్రష్‌తో తీసేసి, మళ్లీ కొత్తది వేయండి. పాత కొవ్వున్న దిమ్మకు మూడు నాలుగు విడతలు పడుతుంది. చివర్లో ఒక గుప్పెడు రాళ్ల ఉప్పు, సగం నిమ్మచెక్కతో రుద్ది, గట్టిగా పిండిన వేడి బట్టతో తుడిచేయండి. ఇంకా అనుమానంగా ఉంటే ఫార్మసీలో దొరికే 10 వాల్యూమ్స్ హైడ్రోజన్ పెరాక్సైడ్ రాసి పది నిమిషాలుంచి తుడవండి.

జావెల్ నీళ్లు, అంటే బ్లీచ్ మాత్రం వద్దు. కర్ర తగలగానే వాటి బలం చాలావరకు కర్రను తినడంలోనే ఖర్చవుతుంది, నార లేచి బొచ్చులాగా అవుతుంది. వాటితో నిమ్మరసం, వెనిగర్ కలిస్తే విషవాయువు వస్తుంది. నీళ్లు పోసి నానబెట్టడం ఇంకా పెద్ద తప్పు. పైముఖం ఒక్కటే ఉబ్బి, సందులు ఒత్తుకుని, ఎండాక పాత పగుళ్లే పెద్దవవుతాయి.

కాలికున్న బెజ్జాలు వ్రియెత్ అనే చిన్న పెంకుపురుగువి కావచ్చు. ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల గుండ్రటి బెజ్జాలైతే అవే. పాతవో కొత్తవో తెలియాలంటే కాలు కింద నల్ల కాగితం పరిచి, బెజ్జాల మీద పలచటి కాగితం అతికించి, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా చూడండి. పురుగు బయటికొచ్చే కాలం అదే. కాగితానికి చిల్లు పడినా, నల్ల కాగితం మీద లేత రంగు పొట్టు రాలినా లోపల ప్రాణం ఉన్నట్టు. కాలు ఊడదీయగలిగితే పాలిథిన్‌లో గాలి చొరకుండా చుట్టి, మైనస్ 18 డిగ్రీల పెద్ద ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచవచ్చు. పైదిమ్మలో కూడా పురుగుంటే అది ఇంటి పని కాదు. ఆక్సిజన్ తీసేసి, లేదా నియంత్రించిన వేడితో శుద్ధి చేసే నిపుణులకు ఇవ్వాలి. పైముఖానికి పురుగుమందు ఎవరు రాస్తామన్నా ఒప్పుకోకండి. స్టాండుకు పాత రంగు ఉంటే అందులో సీసం ఉండే వీలుంది. పొడిగా రుద్దకుండా ముందు పరీక్ష చేయించండి.

నూనె దగ్గర మనవాళ్లకు చేయి నువ్వుల నూనె మీదికో కొబ్బరి నూనె మీదికో పోతుంది. నువ్వుల నూనె, పొద్దుతిరుగుడు నూనె గాలికి జిగటగా మారి మురికి పట్టుకుంటాయి, ఆలివ్ నూనె కంపు కొడుతుంది. కొబ్బరి నూనె దాదాపు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది కాబట్టి లియాన్ చలికి కర్రలోకి దిగకుండా పైనే తెల్లగా పేరుకుంటుంది. ఫార్మసీలో అమ్మే పారఫిన్ నూనె రంగూ వాసనా లేనిది, చెడదు. అది ఎండి గట్టిపడదు, నెమ్మదిగా లోపలికి జారిపోతుంది. అందుకే మళ్లీ మళ్లీ పెట్టాలి. ఎండి గట్టిపడే రకం కావాలంటే టంగ్ చెట్టు గింజల నుంచి తీసే స్వచ్ఛమైన టంగ్ నూనె ఉంది. మరిగించిన అవిసె నూనె పేరుతో దొరికేదాంట్లో త్వరగా ఎండటానికి లోహపు లవణాలు కలుపుతారు కనుక తిండి పెట్టే చోట వద్దు. అవిసె, టంగ్ నూనెలు తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి పారేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విడదీసి ఆరుబయట ఆరబెట్టి, లేదా నీళ్లలో ముంచి పారేయాలి.

మీ దిమ్మ పైముఖం మొదటిసారి అర లీటరు దాకా నూనె తాగవచ్చు. గిన్నెలో వేడినీళ్ల మీద కాస్త వెచ్చబెట్టి, బ్రష్‌తో ధారాళంగా రాసి, నలభై నిమిషాలాగి మళ్లీ రాయండి. మచ్చలు మచ్చలుగా ఇంకిపోతున్నంత సేపూ రాస్తూ ఉండాలి. మెరుస్తూ పైనే నిలిచాక మిగిలింది తుడిచేయండి. అడుగు ముఖాన్ని మర్చిపోకండి, ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. పైన నూనె నిండి, కింద నార తలలు ఎండుతూ ఉంటే కింద ముడుచుకుని పైన ముడుచుకోదు, దిమ్మ నడుమ వంగి సందులు తెరుచుకుంటాయి. అడుగుకు పైదాంట్లో సగం నూనె చాలు. వారానికోసారి చొప్పున ఒక నెల, తర్వాత నెలకోసారి. ఒక చుక్క నీరు వేసి ఐదు నిమిషాల్లో అది ఇంకి మచ్చ నల్లబడితే నూనె వేళ అయినట్టే. నాలుగు వంతుల నూనెలో ఒక వంతు తేనెమైనం కరిగించి చల్లార్చిన ముద్దను చివర్లో రాస్తే తడి ఇంకా తక్కువ పడుతుంది.

రోజూ చేయాల్సింది తక్కువే. కోసిన వెంటనే రేకుతో గీకి, కాస్త సబ్బు అంటిన, గట్టిగా పిండిన వేడి బట్టతో తుడిచి, వెంటనే పొడిబట్టతో ఆరబెట్టాలి. తడి గిన్నె, తడి గుడ్డ రాత్రంతా దాని మీద వదిలితే గుండ్రటి మచ్చా, ఒక్కోసారి అక్కడే పగులూ ఖాయం. రాత్రిళ్లు ఉప్పు చల్లి వదిలేసే పాత అలవాటు ఉంది కానీ, ఉప్పు గాలిలోని తేమ లాగి బోల్టుల్ని తుప్పు పట్టిస్తుంది. గంట ఉంచి ఊడ్చేయండి. పచ్చిపసుపు, పసుపు కలిపిన మాంసం మరక పడుతుంది, అది తప్పదు. సబ్బు, సోడా తగిలితే అది ఎర్రబడుతుంది, భయపడకండి. పసుపు రంగును వెలుతురే విరిచేస్తుంది. దిమ్మను కదపలేరు కాబట్టి కిటికీ వైపు ఎండ పడే మూలను పసుపు పనులకు కేటాయించుకోండి.

ఇక బరువు. షార్మ్ ఒక ఘనమీటరు 750 నుంచి 800 కిలోలుంటుంది. మీ పైదిమ్మ ఒక్కటే 80 కిలోలు, స్టాండుతో కలిపి 110 దాకా. ఇళ్ల నేలను మామూలుగా చదరపు మీటరుకు 150 కిలోల లెక్కన కడతారు. ఒకచోట 110 కిలోలు పెట్టడం నిండా పుస్తకాలున్న బీరువాకంటే ఎక్కువేం కాదు. అయినా పాత చెక్క నేల కదా, గోడ దగ్గరగా, కాళ్లు వేర్వేరు దూలాల మీద పడేలా పెట్టండి. మూడో అంతస్తుకు మెట్ల మీదుగా మోయించేటప్పుడు దిమ్మనూ స్టాండునూ విడదీసి, దిమ్మకు బెల్టులు వేసి నలుగురిని పెట్టండి. మెట్లు సన్నగా ఉంటే కిటికీలోంచి ఎత్తే మోంత్-మ్యూబ్ల్ నిచ్చెన అద్దెకు తెచ్చుకోవడం మేలు.

ఎత్తు చూడండి. తరిగేటప్పుడు మోచేతికంటే పది పదిహేను సెంటీమీటర్లు కిందుగా ఉంటే భుజాలు నొప్పెట్టవు. పాత దిమ్మలు 80 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటాయి. ఐదడుగుల ఒకటి రెండు అంగుళాల మనిషికి అది సరిగ్గానే కుదురుతుంది, ఇంకా పొడుగైన వాళ్లు కాళ్ల కింద ఓక్ చెక్కలు పెట్టుకోవాలి. చక్రాలు పెట్టించుకోమని కొందరు చెబుతారు, మాకు నచ్చదు. ఎముక కొట్టినప్పుడు దెబ్బ బలం చక్రాల్లో పోతుంది, దిమ్మ జారుతుంది. ఎముకను కూడా నట్టనడుమ కాకుండా, కాలుకు సరిగ్గా పైన ఉన్న చోట కొట్టండి.